రిగ్గు మీద టీవీ ఊరికే పోతోంది, ఎవరైనా దారి చెప్పండి

టెక్కలి_కరెంటోడు
కాకినాడ అవతల సముద్రంలో చమురు, గ్యాస్ బావులు తవ్వే ఒక డ్రిల్ షిప్పు మీద పని చేస్తున్నాను. షిప్పు పేరు, కంపెనీ పేరు అడక్కండి, ఉద్యోగం ఉండాలి కదా. 28 రోజులు అక్కడ, 28 రోజులు ఇంటి దగ్గర. నా అసలు పని మోటార్లు, ప్యానెళ్లు, లైట్లు. మొన్న ట్రిప్పు నుంచి టీవీ కూడా నా నెత్తి మీద పడింది, ఎందుకంటే ఇన్నాళ్లూ చూసుకున్న రేడియో ఆపరేటర్ వేరే రిగ్గుకి వెళ్లిపోయాడు, వెళ్తూ వెళ్తూ ఒక చీటీ ముక్క కూడా రాసి ఇవ్వలేదు. 120 మంది దాకా ఉంటాం. ఇబ్బంది ఒకటైతే చెప్పొచ్చు. ఆకాశం అద్దంలా ఉంటుంది, ఉన్నట్టుండి అన్ని చానెళ్లూ పోతాయి, రెండు గంటలో మూడు గంటలో అయ్యాక ఎవరూ ముట్టుకోకుండానే వచ్చేస్తాయి. వానొస్తే ఎలాగూ పోతుంది, దానికి నేను బాధపడను. కింది డెక్‌లో ఒక వరస గదుల్లో మాత్రం ఎప్పుడు చూసినా బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఇవి చాలవన్నట్టు సగం బాక్సులు రీచార్జ్ చెయ్యమంటాయి, చేద్దామంటే ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతోందో తెలీదు. 12 గంటలు డ్యూటీ చేసొచ్చినోళ్లు మెస్సులో నన్ను చూసే చూపు ఉంది చూశారూ, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా అలా చూడరు. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి. వచ్చే వారం మళ్లీ చాపర్ ఎక్కాలి.

రాజాం_రిగ్గర్
ఏసీ పోతే గంట ఓర్చుకుంటారు. కూర బాగోకపోతే తిట్టుకుంటూ తింటారు. టీవీ పోతే మాత్రం కంపెనీ నడపడం చేతకాదంటారు. పదిహేనేళ్లుగా చూత్తన్నాను బావూ, ఇది మారదు.

చీపురుపల్లి_సీను
ఈ రోజుల్లో టీవీ ఎవడు చూస్తున్నాడు? ఫోన్లో ఓటీటీ పెట్టుకుంటే పోదా

రాజాం_రిగ్గర్
సీనూ నువ్వెప్పుడైనా ఒడ్డు దాటావేటి?

చీపురుపల్లి_సీను
భీమిలి బీచ్‌లో మోకాలి లోతు దాకా 😀

కేబుల్_మాస్టారు
నరసన్నపేటలో 22 ఏళ్లు కేబుల్ నడిపాను, ఇప్పుడు డిష్‌లు బిగిస్తన్నాను. నీ చివరి రెండు కంప్లైంట్లూ నాకు తెల్సినవే, మొదటిదానికి కూడా మందు సులువే. డిష్ కొంచెం కదిలి ఉంటాది. స్పానర్ తీసుకుని పైకెక్కి, మీటర్ పెట్టి, నట్లు వదులు చేసి వేలెడంత అటూ ఇటూ జరిపి సిగ్నల్ ఎక్కువున్న చోట బిగించెయ్యి. తిత్లీ తుఫాను తర్వాత పలాస చుట్టుపక్కల ఎన్ని డిష్‌లు అలా మళ్లీ నిలబెట్టానో లెక్కలేదు, కొన్ని కొబ్బరి తోటల్లో దొరికాయి, ఒకటి చెరువులో.

సోంపేట_సీమెన్
మాస్టారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ స్పానర్ కింద పెట్టండి. మేడ మీద డిష్ వేరు, నీళ్ల మీద డిష్ వేరు. డ్రిల్ షిప్పుకి కాళ్లుండవు, తేలుతూనే ఉంటుంది. అల వస్తే ఊగుతుంది, గాలి మారితే ముక్కు తిప్పుకుంటుంది. శాటిలైటేమో 36 వేల కిలోమీటర్ల పైన ఒకే చోట నిలబడి ఉంటుంది. ఇంటి డిష్ ఒకటి రెండు డిగ్రీలు తప్పినా బొమ్మ పోతుంది కదా, షిప్పు ఒక్క ఊపుకి అయిదారు డిగ్రీలు వాలుతుంది. అందుకని డిష్‌ని తెల్ల గుమ్మటంలో పెట్టి, లోపల మోటార్లు, ఊపుని పసిగట్టే గైరో పెడతారు, షిప్పు ఎటు వాలితే డిష్ దానికి ఎదురు వాలుతుంది, సిగ్నల్ ఎక్కడ బలంగా ఉందో అదే వెతుక్కుంటూ పట్టుకుని ఉంటుంది. దాన్ని చేత్తో జరిపితే మొదటికే మోసం. కరెంటోడూ, మీది గుమ్మటమేనా?

టెక్కలి_కరెంటోడు
అవునండి, తెల్ల గుమ్మటమే. బ్రిడ్జి పైన, అంటే షిప్పు నడిపే గది మీద ఉంది. నేను ఇంకా విప్పలేదు, బతికిపోయాను.

కేబుల్_మాస్టారు
సరే సరే. నాకు తెల్దు, ఒప్పుకున్నాను. కానీ గళ్లు గళ్లుగా విరిగే బొమ్మ సంగతి మాత్రం నాదే, అది ఎవులికీ ఇవ్వను.

రాజాం_రిగ్గర్
మా జాకప్ రిగ్గు మీద ఈ గొడవ లేదు. మూడు కాళ్లు సముద్రం అడుగున దిగేసి ఉంటాయి, మేడ మీద ఉన్నట్టే, మామూలు డిష్ పెట్టినా పని చేస్తాది. ఒక్క రిగ్ మూవ్ అప్పుడే కష్టం, కాళ్లు ఎత్తేసి టగ్గులు లాక్కెళ్తంటే నాలుగు రోజులు టీవీ లేదు, అప్పుడు అందరం పేకముక్కలు తీత్తాం. కొత్త చోట కాళ్లు దించాక డిష్ మళ్లీ తిప్పుకోవాల. కరెంటోడూ, నీకు మధ్యలో డెరిక్ అడ్డం వత్తన్నట్టుంది. అంత ఇనప గోపురం ఉంటే సిగ్నల్ ఎలగొత్తాది?

ఆమదాలవలస_యాంటెన్నా
రాజాం అన్న చెప్పింది ఉత్తర సముద్రంలో అయితే నిజమే, నార్వే వైపు శాటిలైట్ బాగా కిందికి ఉంటుంది, అందుకే అక్కడ షిప్పుకి రెండు గుమ్మటాలు పెట్టి ఒకటి మరుగున పడితే రెండోదానికి మార్చుకుంటారు. మనకి అలా కాదు. మనం 16, 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, 83 తూర్పు నుంచి 93.5 తూర్పు దాకా ఉన్న టీవీ శాటిలైట్లు మనకి నెత్తి మీదే, ఇంచుమించు 65 నుంచి 70 డిగ్రీల ఎత్తులో. మన ఊళ్లో డిష్ ఆకాశంలోకి ఎలా చూస్తుందో గమనించండి. 60 మీటర్ల డెరిక్ అడ్డం రావాలంటే గుమ్మటం దాని నుంచి ఇరవై పాతిక మీటర్ల లోపలే ఉండాలి. వీళ్లది బ్రిడ్జి పైన అంటున్నాడు కాబట్టి డెరిక్ దూరం. అడ్డం ఏదైనా ఉంటే పక్కనే, చాలా దగ్గరలో ఉండాలి. రాడార్ మాస్టో, చిమ్నీయో, ఇంకో గుమ్మటమో.

తమ్ముడూ నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఒక నోట్‌బుక్ పెట్టు. టీవీ పోయిన టైము, వచ్చిన టైము, ఆ టైములో షిప్పు హెడింగ్ ఎంతో, అంటే ముక్కు ఎటు ఉందో బ్రిడ్జిలో అడిగి రాసుకో. పది రోజులు రాస్తే విషయం అదే బయటపడుతుంది. ఊరికే పోయి ఊరికే వచ్చిందీ అంటే వస్తువు పాడవలేదు, చూపు ఆగింది.

రాజాం_రిగ్గర్
లెక్క సెప్పి నోరు మూయించేశాడు. ఒప్పుకున్నాను.

బొబ్బిలి_వీణ
నేను రిగ్గు మనిషిని కాదు, రిగ్గు మనిషి పెళ్లాన్ని. మా ఆయన అబూ ధాబీ దగ్గర ఒక ప్లాట్‌ఫాం మీద స్కఫోల్డింగ్ చేస్తారు. సీనుగారు టీవీ ఎవడు చూస్తున్నాడు అన్నారు కదా. మాకు రాత్రి ఎనిమిదిన్నర సీరియల్ అంటే అక్కడ ఏడు. ఆయన డ్యూటీ దిగి స్నానం చేసి కూర్చునే టైం అదే. ఇద్దరం ఒకే సీను ఒకేసారి చూస్తాం, అయ్యాక ఫోన్ చేస్తారు, ఆ అత్తగారిని కలిసి తిట్టుకుంటాం. ఇంట్లో జరిగినవి చెప్తే ఆయనకి దిగులు, అక్కడివి చెప్తే నాకు భయం, సీరియల్ గురించైతే గంటైనా మాట్లాడుకోవచ్చు. టీవీ పోయిన వారం ఏం మాట్లాడాలో తెలీక రెండు నిమిషాల్లో పెట్టేశారు.

చీపురుపల్లి_సీను
సారీ అక్కా. అలా ఆలోచించలేదు

ఉద్దానం_గల్ఫ్
వీణ అక్క చెప్పింది అక్షరం అక్షరం నిజం. మా కవిటి కుర్రోళ్లం పదకొండు మంది ఒక ఆఫ్‌షోర్ క్యాంపులో ఉండేవాళ్లం. అరబ్బీ చానెళ్లు ఇంగ్లీషు చానెళ్లు బోలెడు, తెలుగు ఒక్కటీ లేదు. మన డీటీహెచ్ బీమ్ మన దేశం కోసం గురి పెట్టింది, గల్ఫ్‌కి వచ్చేసరికి అంచులే తగుల్తాయి, అందుకని ఒడ్డున ఉన్నోళ్లు మేడల మీద మీటరున్నర డిష్‌లు పెట్టి లాగేవోళ్లు. ప్లాట్‌ఫాం మీద అంత డిష్ ఎవడు పెట్టనిస్తాడు. సెలవుకెళ్లినోడు హార్డ్ డిస్క్ నిండా సినిమాలు నింపుకొచ్చేవాడు, వాడికి వారం రోజులు రాజమర్యాద, బట్టలు కూడా వేరేవోళ్లు ఉతికేవోళ్లు.

సోంపేట_సీమెన్
హార్డ్ డిస్క్ ఇప్పటి మాట, మా నాన్నగారి కాలంలో వీడియో క్యాసెట్ల పెట్టె ఉండేది, పోర్టులో ఎదురైన షిప్పుతో పెట్టెకి పెట్టె మార్చుకునేవారు. అవతలోళ్లు చెత్త సినిమాలు అంటగడితే మళ్లీ పోర్టు దాకా అవే గతి.

మేనేజ్‌మెంటు వాళ్లు టీవీ అంటే విలాసం అంటే వాళ్లకి చూపించడానికి ఒకటుంది. 2006 మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, అంటే ఓడల మీద పనిచేసేవాళ్ల కోసం దేశాల మధ్య ఒప్పందం, 2013 నుంచి అమల్లో ఉంది, మన దేశం 2015లో ఒప్పుకుంది. అందులో షిప్పు మీద వినోద సౌకర్యాల గురించి చెప్పేచోట టీవీ చూడ్డం, రేడియో వినడం, సినిమాలు వేయడం, వాటిని అప్పుడప్పుడు మార్చడం అన్నీ రాశారు. అది గైడ్‌లైన్, అంటే గట్టి రూలు కాదు, అయినా కాగితం మీద ఉంది. 2022 సవరణల్లో ఇంటర్నెట్ మాట కూడా చేర్చారు, అవి 2024 డిసెంబరు నుంచి అమలు. డ్రిల్ షిప్పులకి ఎంతవరకు వర్తిస్తుందనేది జెండా ఏ దేశానిదో దాని బట్టి ఉంటుంది.

రాజాం_రిగ్గర్
కాగితం చూపిత్తే మా క్యాంప్ బాస్ దాని మీద పకోడీలు పెట్టిత్తాడు.

భావనపాడు_బోటు
మీరందరూ పెద్దోళ్లు, పెద్ద ఓడలు. మేం వేటకెళ్తే ఫోన్ సిగ్నలే ఉండదు, టీవీ అంటారేటి. మాకు రేడియోనే దిక్కు, తుఫాను కబురు దాంట్లోనే. వీరావల్‌లో నెలల తరబడి బోట్ల మీద ఉండే మనోళ్లు ఫోన్లో ఎక్కించుకున్న పాటలే మళ్లీ మళ్లీ వింటారు. గొడవ పెట్టుకోవడానికి రాలేదు, కరెంటోడి బాధ చదివితే నవ్వొచ్చింది, టీవీ లేదని తిట్టే కూలీలు ఉన్నారా అని.

టెక్కలి_కరెంటోడు
తప్పులేదు భావనపాడు అన్నా, నవ్వండి. కానీ మీ బోటు మీద అలిగితే వలేసుకోవాలి, ఇక్కడ అలిగినోడు తిన్నగా నా గది తలుపు కొడతాడు.

కేబుల్_మాస్టారు
ఇప్పుడు నా వంతు. గళ్లు గళ్లుగా విరిగే గదుల సంగతి. మెయిన్ కేబుల్ ఎంత పొడుగు, మధ్యలో లైన్ని పంచే స్ప్లిట్టర్లు ఎన్ని ఉన్నాయో ముందు చూడు. గదుల్లోకి పోయే సన్న కేబుల్ ఆర్‌జీ 6, ఎక్కువ దూరానికి లావుది, ఆర్‌జీ 11 వెయ్యాల. స్ప్లిట్టర్ తర్వాత స్ప్లిట్టర్, దాని తర్వాత ఇంకోటి పెట్టుకుంటూ పోతే కాలవలో చివరి పొలానికి నీళ్లు అందనట్టే, ఆఖరి గదికి సిగ్నల్ మిగల్దు. అలాగని ఆంప్లిఫయర్ తెచ్చి పెంచేస్తే గోల కూడా పెరుగుతాది, అది చాలామంది చేసే తప్పు. వాడని పోర్టులకి 75 ఓమ్స్ టెర్మినేటర్ మూత బిగించు, ఖాళీగా వదిలేస్తే సిగ్నల్ తగిలి వెనక్కొత్తాది.

అన్నిటికన్నా ముందు ఎఫ్ కనెక్టర్లు, అదే కేబుల్ చివర బిగించే ముక్కలు, విప్పి చూడు. ఉప్పుగాలి. మా కళింగపట్నం, బారువల్లో సముద్రం ఒడ్డున ఇళ్లకి ఆరునెలలకోసారి కనెక్టర్ మార్చేవాణ్ణి, లోపల రాగి మీద పచ్చగా చిలుము పట్టేసి ఉంటాది, పైకి మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తాది. నీది సముద్రం ఒడ్డు కాదు, సముద్రమే. బయట ఉన్న ప్రతి జాయింటు మీదా తనకి తానే అతుక్కుపోయే సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్ లాగి చుట్టు, మామూలు నల్ల టేప్ ఎండకి జిగురు కారిపోతాది. కేబుల్ గదిలోకి వచ్చే ముందు ఒక వంపు కిందికి వదులు, నీటిచుక్క అక్కడ రాలిపోతాది, లోపలికి పాకదు.

గరివిడి_సేఫ్టీ
మాస్టారు బాగా చెప్పారు, ఒక్క ముక్క నేను కలుపుతా. కొత్త కేబుల్ వెయ్యాలనుకుని గోడకి బెజ్జం కొట్టకండి. రిగ్గులో గోడ అంటే మంటని ఆపే అడ్డు, దానికి కేబుళ్లు దాటించే ఫ్రేములు ఉంటాయి, వాటిలోంచే రబ్బరు దిమ్మలు పెట్టి తీసుకెళ్లాలి. డ్రిల్ తియ్యాలన్నా వెల్డింగ్ చెయ్యాలన్నా హాట్ వర్క్ పర్మిట్. గుమ్మటం దగ్గరికి ఎక్కే ముందు రాడార్ ఆపించాలి, ఇంటర్నెట్ యాంటెన్నా సిగ్నల్ పంపించేది కాబట్టి దాన్నీ ఆపించాలి, టీవీది ఊరికే తీసుకునేదే కాబట్టి దానితో భయం లేదు. చేతిలో స్పానర్‌కి తాడు కట్టుకోవాలి. కింద నడిచే మనిషి మీద స్పానర్ పడితే టీవీ కన్నా పెద్ద వార్త అవుతుంది.

ఒకచోట చూశాను, హెలీడెక్ రెయిలింగుకి ఎవడో సొంత డిష్ బిగించాడు, వాడి గదికి మాత్రమే. హెలీకాప్టర్ దిగే దారిలో ఏ వస్తువూ లేవకూడదు. ఆ రోజు వాడు ఏడుస్తుంటే నేను నవ్వు ఆపుకోలేకపోయాను, డిష్ మీద వాడి పేరు పెయింటుతో రాసుకున్నాడు మరి.

చీపురుపల్లి_సీను
పేరు రాసుకోవడం ఏంటన్నా 😂 పోలీసుల పని తగ్గించాడు

పలాస_జీడిపప్పు
ఓటీటీ మాట నేను మళ్లీ తీస్తున్నాను, తిట్టకండి. స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ వచ్చేస్తోంది కదా, అది పెడితే టీవీ గొడవ శాశ్వతంగా పోతుంది. 2025 జూన్‌లో మన దేశంలో లైసెన్సు కూడా ఇచ్చారు.

ఆమదాలవలస_యాంటెన్నా
లైసెన్సు వచ్చిన మాట నిజమే. ఓడల మీద ఇంటర్నెట్‌కి 2018లోనే రూల్స్ చేశారు. కానీ లెక్క చూడండి. టీవీ సిగ్నల్ వాన లాంటిది, ఒక గుమ్మటం పట్టుకుంటే ఒక్కడు చూసినా వెయ్యిమంది చూసినా ఖర్చు అంతే, పైన భారం పెరగదు. ఇంటర్నెట్ బోరింగ్ నీళ్లు, ఎవడి బిందె వాడు పట్టుకోవాలి. రాత్రి ఎనిమిదింటికి 120 మంది తలో మ్యాచ్ పెడితే, డ్రిల్లింగ్ డేటా ఒడ్డుకి పోయే లింకే అది, వేరుగా లేకపోతే ముందు కోసేది మిమ్మల్నే. కొత్త శాటిలైట్ల ఇంటర్నెట్‌తో ఇది చాలా సులువవుతుంది, కాదనను. అయినా అందరూ ఒకేసారి ఒకటే చూసేటప్పుడు టీవీని మించింది లేదు.

రాజాం_రిగ్గర్
ఒకేసారి అంటే గుర్తొచ్చింది. 2024 జూన్ 29, టీ20 ఫైనల్, బార్బడోస్‌లో. మేం ముంబై వైపు ఉన్నాం, వాన కుండపోత. టీవీ రూంలో నలభై మంది, తలుపు దగ్గర నిలబడినోళ్లు వేరు. ఆఖరి ఓవర్, 16 కావాలి, హార్దిక్ బంతి వేశాడు, మిల్లర్ గాల్లోకి లేపాడు, బంతి గాల్లో ఉండగా తెర నల్లబడింది. ఒట్టు. నలభై మంది గుండెలు అక్కడే ఆగిపోనాయి. ఎవడో గ్యాలీలోంచి, అదే వంటగదిలోంచి, ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, వాడి ఫోన్లో ఇంకా ముందు ఓవరే నడుత్తంది. క్యాచ్ సూర్యకుమార్ పట్టాడని నాకు మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది, బొమ్మ వచ్చేసరికి కప్పు పట్టుకుని ఏడుత్తన్నారు.

బొబ్బిలి_వీణ
అంటే మొత్తం రిగ్గుకి మీ ఆవిడే కామెంటరీ అన్నమాట

ఆమదాలవలస_యాంటెన్నా
వాన విషయం కరెంటోడు బాధపడనన్నాడు, అయినా అడిగేవాళ్లకి జవాబు కావాలి కదా. డీటీహెచ్ వచ్చేది కేయూ బ్యాండ్, 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆ తరంగం వానచుక్కలకి బాగా అరిగిపోతుంది. పాతకాలం పెద్ద గిన్నె డిష్‌లది సీ బ్యాండ్, 4 గిగాహెర్ట్జ్, దానికి వాన పెద్దగా పట్టదు, కానీ రెండు మీటర్ల పైన డిష్ కావాలి, ఊగే షిప్పు మీద అంత గుమ్మటం అంటే ఖర్చు చుక్కలు చూపిస్తుంది. కాస్త పెద్ద కేయూ డిష్ పెడితే చినుకులకి పోదు, కుండపోతకి ఎలాగూ పోతుంది.

ఇంకొకటి కూడా ఉంది, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, మళ్లీ మార్చిలో కొన్ని రోజులు పగలు పదకొండు, పన్నెండు గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చి నిలబడతాడు, ఆ వేడి గోలలో సిగ్నల్ మునిగిపోతుంది. ఎవరి తప్పూ కాదు. కరెంటోడూ నువ్వు వెళ్లేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

టెక్కలి_కరెంటోడు
అది వాళ్లకి చెప్తే నమ్ముతారంటారా? సూర్యుడు అడ్డం వచ్చాడు సార్ అని.

కేబుల్_మాస్టారు
నాకు 22 ఏళ్లలో ఒక్కడూ నమ్మలేదు. బిల్లు కట్టలేదని కట్ చేశావు కదా అనేవారు.

పలాస_జీడిపప్పు
రీచార్జ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇళ్లకి ఇచ్చే కనెక్షన్లు కంపెనీలో వాడుతున్నారా? హోటళ్లు, ఆఫీసుల లాంటి వాటికి కమర్షియల్ కనెక్షన్ అని వేరే ఉంటుంది.

టెక్కలి_కరెంటోడు
ఆ సంగతి ఇప్పుడే నాకు తెలిసింది. రాక్‌లో 14 బాక్సులున్నాయి, ఒక్కో బాక్సు ఒక్కో చానెల్ మీద పెట్టి, ఒక్కోదానికి మాడ్యులేటర్, అంటే ఆ బొమ్మని ఒక చానెల్ నంబరు మీదికి ఎక్కించే డబ్బా, తగిలించి, అన్నీ కలిపి ఒకే కేబుల్లో గదులకి పంపుతున్నారు. గదిలో బాక్సు ఉండదు, టీవీలో నంబరు నొక్కితే చాలు. బాగానే ఉంది ఆలోచన. కానీ 14 బాక్సులూ ఇంటి కనెక్షన్లే, అన్నీ పాత రేడియో ఆపరేటర్ నంబరు మీదే. ఆ ఫోను గజపతినగరంలో ఆయన భార్య దగ్గరుంది, ఆయన ఇప్పుడున్న రిగ్గులో సిగ్నల్ లేదు. ఒడ్డు నుంచి ఆవిడకి ఫోన్ చేసి, అమ్మా ఓటీపీ వచ్చింది చెప్పండి, అమ్మా ఇంకోటి వచ్చింది చెప్పండి, అలా తొమ్మిదిసార్లు. పదోసారి ఆవిడ, బాబూ పాలు పొంగిపోతున్నాయి తర్వాత చెయ్యి అంది.

బొబ్బిలి_వీణ
పాపం ఆవిడ కూడా మనలో ఒకత్తె. ఆ అమ్మకి ఏమైనా పంపండి తిరిగొచ్చాక.

గరివిడి_సేఫ్టీ
కంపెనీ పేరు మీద కమర్షియల్ కనెక్షన్ తీసుకోమని మెయిల్ పెట్టు, నంబరు ఆఫీసుది ఇమ్మను. నోటితో చెప్పకు, మెయిల్ పెట్టు.

ఆమదాలవలస_యాంటెన్నా
స్టాండ్‌బైగా దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ బాక్సు ఒకటి రాక్‌లో పెట్టుకో. 93.5 డిగ్రీల దగ్గర జీశాట్ 15, నెల నెలా కట్టేది లేదు. తెలుగులో పెద్దగా ఏమీ రావు, సప్తగిరి వస్తుంది, వార్తలు వస్తాయి. గుమ్మటాన్ని ఆ శాటిలైట్ వైపు తిప్పితే మిగతావి పోతాయి కాబట్టి దాన్ని రీచార్జ్ మొత్తం ఆగిపోయిన రోజుకే వాడుకోవాలి.

సిరిమాను_సూరిబాబు
మా తమ్ముడు కరెంటోడి షిప్పులోనే మెస్సులో పని చేస్తాడనిపిస్తోంది, వాడు చెప్పిన గోల ఇదే. కరెంటోడు గారూ ఒక్క మాట, దసరా తర్వాత మంగళవారం మా విజయనగరంలో సిరిమానోత్సవం. మా ఇంటి దగ్గర్నించి పైడితల్లమ్మ గుడి నడక దూరం, పుట్టిన దగ్గర్నించి వాడు ఒక్క ఏడాది తప్పలేదు, ఈసారే సముద్రంలో ఉన్నాడు. లోకల్ కేబుల్ వాళ్లు చూపిస్తారు గాని అది మీ డిష్‌లో రాదు కదా. ఏమైనా దారి ఉందా?

టెక్కలి_కరెంటోడు
సూరిబాబు గారూ మీ తమ్ముడు పచ్చ టీషర్ట్ ఏసుకుని పొద్దున్న పూరీ వడ్డిస్తాడా? అయితే అతనే. రోజూ నాకు ఒక పూరీ ఎక్కువ వేస్తున్నాడు, ఇదా సంగతి.

ఆమదాలవలస_యాంటెన్నా
యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది. 120 మంది 120 ఫోన్లలో పెడితే లింకు కూలిపోతుంది. ఒక్క ల్యాప్‌టాప్‌లో పెట్టి, దాని బొమ్మని ఖాళీ మాడ్యులేటర్‌కి ఇచ్చెయ్యి, పదిహేనో నంబరుగా అన్ని గదులకీ పోతుంది. ఒక్క బిందె నీళ్లు, ఊరంతా తాగుతుంది. కొన్ని డబ్బాలు హెచ్‌డీఎంఐ వైరు నుంచి కాపీ కట్టడి ఉన్న బొమ్మ తీసుకోవు, అలా అయితే మధ్యలో మార్చే చిన్న డబ్బా పెట్టి పాత ఎరుపు పసుపు తెలుపు వైర్లు వాడు, బొమ్మ కొంచెం మసకగా ఉంటుంది గాని నడుస్తుంది.

టెక్కలి_కరెంటోడు
తొమ్మిది రోజుల తర్వాత షిప్పు మీద నుంచి. నోట్‌బుక్ రాశాను. యాంటెన్నా అన్న చెప్పింది చెప్పినట్టు జరిగింది. నాలుగుసార్లు పోయింది, నాలుగుసార్లూ షిప్పు ముక్కు ఈశాన్యం వైపు ఉంది. ఇప్పుడు గాలి మారే రోజులు కదా, ఒక పూట నైరుతి గాలి, ఒక పూట ఈశాన్యం, గాలికి ఎదురుగా షిప్పు ముక్కు తిప్పుకుంటుంది. పర్మిట్ తీసుకుని, రాడార్ ఆపించి పైకెక్కాను. ఏం చూశానో చెప్పండి? వేసవిలో కొత్త ఇంటర్నెట్ గుమ్మటం పెట్టారు, ఇద్దరు మనుషుల ఎత్తు స్టాండు మీద, మా టీవీ గుమ్మటాన్ని ఆనుకుని, మధ్యలో ఒక చెయ్యి పడుతుంది. నైరుతి గాలి ఉన్నన్నాళ్లూ అది ఉత్తరం వైపు ఉండిపోయింది కాబట్టి గొడవ లేదు. ముక్కు ఈశాన్యానికి తిరగగానే అది దక్షిణం వైపు వచ్చి టీవీ నెత్తి మీద గొడుగులా నిలబడుతోంది.

చీపురుపల్లి_సీను
అంటే నేను చెప్పిన ఓటీటీయే వచ్చి టీవీని మూసేసిందన్నమాట 😀😀

రాజాం_రిగ్గర్
ఒరే సీనూ, నువ్వు ఈ వేదికకి ఇదొక్కటే చక్కగా చెప్పావు.

సోంపేట_సీమెన్
ఆ పని చేసినవాళ్లకి డ్రాయింగ్‌లో టీవీ గుమ్మటం కనబడి ఉండదు. ఇంటర్నెట్ కాంట్రాక్టర్ వేరు, టీవీది వేరు, ఒకరి నెత్తిన ఒకరు కూర్చుంటారు. ఏం చేద్దామనుకుంటున్నావు?

టెక్కలి_కరెంటోడు
టీవీది స్టాండు పెంచి, అవతలి మూలకి జరపాలి. వెల్డింగ్ ఉంది కాబట్టి హాట్ వర్క్ పర్మిట్, బావి పని ఒక దశకి వచ్చేదాకా ఆగమన్నారు. ఈలోగా టీవీ రూం బ్యాచ్ కెప్టెన్ దగ్గరికి వెళ్లి మ్యాచ్ అయ్యేదాకా షిప్పు కొంచెం అటు తిప్పండి సార్ అని అడిగారు. నేను వాళ్లతో వెళ్లలేదు, తలుపు వెనకాల ఉన్నాను. కెప్టెన్ చాలాసేపు నవ్వి, కింద వేల మీటర్ల పైపు వేలాడుతోంది నాయనా, మీ మ్యాచ్ కోసం దానికి అడ్డంగా అలలు కొట్టించమంటారా అన్నాడు.

కింది డెక్ గదులు మాస్టారి మాటే. ఆరు కనెక్టర్లు విప్పితే నాలుగింట్లో పచ్చ చిలుము. ఒక స్ప్లిట్టర్‌కి ముందు ఇంకో స్ప్లిట్టర్ ఫాల్స్ సీలింగ్ లోపల దాక్కుని ఉంది, ఎవడో సొంతంగా లైన్ లాక్కున్నాడు. తీసేశాను. గళ్లు పోయాయి. ఆ లైన్ ఎవరిదో మాత్రం ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోవట్లేదు, కానీ డ్రిల్లింగ్ పని చూసే ఒక టూల్ పుషర్ నాతో మాట్లాడటం మానేశాడు.

కేబుల్_మాస్టారు
హహ. ఊరైనా ఓడైనా దొంగ లైన్ ఒకటుంటాది.

సూర్యుడి సంగతి?

టెక్కలి_కరెంటోడు
ముందే నోటీసు బోర్డు మీద రాసి పెట్టాను, ఫలానా రోజుల్లో పన్నెండు లోపు కొద్దిసేపు టీవీ రాదు, కారణం సూర్యుడు అని. కింద ఎవరో పెన్‌తో రాశారు, సూర్యుడికి రీచార్జ్ ఎవరు చెయ్యాలి అని.

సిరిమాను_సూరిబాబు
మా వాడు ఫోన్ చేశాడండి. పదిహేనో నంబర్లో సిరిమాను చూశాడట. బొమ్మ మసకే గాని పూజారి గారు సిరిమాను మీద కూర్చుని జనం మధ్యలోంచి వస్తుంటే వెనకాల మా వీధి లైటు కనబడిందట, అది చూసి ఎక్కువ సంబరపడ్డాడు. టీవీ రూంలో మలయాళం వాళ్లు, బెంగాలీలు కూడా కూర్చుని అరటిపళ్లు విసురుతున్నారేంటని అడిగారట, వీడు రెండు గంటలు చెప్పాడట. మధ్యలో ఒకసారి ఆగిపోయిందన్నాడు.

టెక్కలి_కరెంటోడు
రెండుసార్లు ఆగింది, ఒకటి లింకు, ఒకటి ల్యాప్‌టాప్ అప్‌డేట్ అని తిరగడం మొదలెట్టింది. అప్‌డేట్ సంగతి ఎవరికీ చెప్పకండి, రెండూ సముద్రం మీదకే నెట్టేశాను.

భావనపాడు_బోటు
ఏడాదికోసారి మా బోట్లకి కూడా ఆ పదిహేనో నంబరు పంపగలవా బావూ

టెక్కలి_కరెంటోడు
అన్నా పంపగలిగితే ముందు మీకే.

మాస్టారూ, ఇంకో పని. వచ్చే ట్రిప్పుకి నలభై ఎఫ్ కనెక్టర్లు, నాలుగు చుట్టలు ఆ టేపు, టెర్మినేటర్లు ఒక ముప్ఫై కావాలి. ఆఫీసులో అడిగితే మూడు నెలలంటున్నారు. నేనే కొనుక్కుపోతాను. నరసన్నపేటలో దొరుకుతాయా, శ్రీకాకుళం రావాలా?

కేబుల్_మాస్టారు
నా దగ్గరే ఉన్నాయి, సోమవారం రా. బిల్లు కావాలా వద్దా?